పాత దర్వాజ చెక్కతో ఇంట్లోనే నీలగిరి ఆవిరి వేపరైజర్: మొదటి నుంచి చివరి దాకా

దేవరకొండ వైపు మా తాత కట్టించిన పాత మిద్దె కూల్చినప్పుడు దూలాలు, దంతెలు అన్నీ కట్టెల కిందనే పోయాయి. ముందు దర్వాజ నిలువు చెక్క ఒకటి మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను. నాలుగు అంగుళాల వెడల్పు, మూడు అంగుళాల మందం, నిఖార్సైన టేకు, లోపలంతా చేవే. రెండేళ్లు మేడ మీద గదిలో ఉంది. చలికాలంలో అమ్మకు ముక్కు దిబ్బడ వేస్తే గదిలో పెట్టడానికి నీలగిరి తైలం వేపరైజర్ ఒకటి కొన్నాం. అది ప్లాస్టిక్‌ది, నెల తిరిగేసరికి గిన్నె చుట్టూ మెత్తబడి వంగిపోయింది, గదంతా నీలగిరి వాసన కంటే కాలిన ప్లాస్టిక్ వాసనే ఎక్కువ. అప్పుడు ఆ దర్వాజ చెక్క గుర్తొచ్చింది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. వేపరైజర్ అనగానే కొందరు నోట్లో పెట్టుకుని పీల్చే ఈ-సిగరెట్ అనుకుంటారు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం వాటి తయారీ, అమ్మకం, దిగుమతి అన్నీ నిషేధమే, దాని జోలికి నేను వెళ్లను. ఇది బల్ల మీద పెట్టుకునేది, నీళ్లలో వేసిన తైలాన్ని మెల్లగా వేడిచేసి గదిలోకి వదిలేది, అంతే.

ఇంకో మాట, ఇదే అసలైనది. ఈ పనిలో చెక్క చెక్కడం కష్టం కాదు. చెక్కకు వేడి తగలకుండా చూడడమే కష్టం. నా మొదటి ప్రయత్నంలో కరెంటు వద్దనుకుని కింద చిన్న మైనపు వత్తి దీపం, పైన చెక్క పలకకు రంధ్రం చేసి అందులో గిన్నె పెట్టాను. చూడడానికి ఎంతో బాగుండేది. నెలన్నర తర్వాత కడగడానికి గిన్నె తీస్తే రంధ్రం అంచు అడుగున బొగ్గులా నల్లబడి ఉంది, గోరుతో గీకితే పొడి రాలింది. చెక్క ఒక్కసారిగా అంటుకోవాలంటే చాలా వేడి కావాలి నిజమే, కానీ రోజూ కొంచెం కొంచెం వేడి తగులుతూ ఉంటే లోపల్లోపలే మాడిపోతూ, రానురాను తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది. ఆ పెట్టె అమ్మ మంచం పక్కన ఉండేదని తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అందుకే కింద చెప్పే ప్రతి కొలత వెనకా ఒకటే ఆలోచన: వేడెక్కే దేనికీ చెక్క ఆనకూడదు.

చెక్క ఎక్కడ దొరుకుతుంది, ఏది తీసుకోవాలి

మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో పాత పెంకుటిళ్లు, మిద్దెలు కూల్చుతూనే ఉన్నారు కదా, వాటి దర్వాజలు, కిటికీ చెక్కలు అన్నిటికంటే మంచివి. దశాబ్దాల పాటు ఆరిన చెక్క అది, ఇక వంకర పోయేదేమీ ఉండదు. టేకు దొరికితే అదృష్టం. దొరక్కపోతే చేవ ఉన్న వేప చాలు, రంపానికి కాస్త చేదు దుమ్ము వస్తుంది గానీ పనికి లొంగుతుంది. నల్ల తుమ్మ గట్టిది, చక్కటి ముదురు రంగు, కానీ ఉలికి తొందరగా పదును పోతుంది. నారేప ఇంకా గట్టిది, బరువు కూడా ఎక్కువే, చేతి పనిముట్లతో దాని జోలికి పోవద్దని నా సలహా. సామిల్లులో కొత్త ముక్క కొంటే మాత్రం ఆరిందో లేదో చూసుకోండి: మధ్యకు కోయించి లోపలి భాగాన్ని చెంపకు ఆనించండి, చల్లగా తగిలితే ఇంకా పచ్చిగా ఉన్నట్టే. అలాంటిది పూర్తిగా ఆరేదాకా నీడలో, గాలి ఆడేచోట పడి ఉండాలి. ఎండలో పెడితే మన మే నెల 44, 45 డిగ్రీల వేడికి చివరల నుంచి నిలువునా పగుళ్లిస్తుంది.

నల్లమల వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ అయినా చెబుతున్నా, అడవిలో పడి ఉన్న టేకు దుంగైనా సరే ఊరికే తెచ్చుకోవడం నేరం. కొన్న చెక్కకు రసీదు ఉంచుకోండి.

ప్లైవుడ్, పొట్టు అట్టలు (పార్టికల్ బోర్డు) వద్దే వద్దు. వాటి జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, వేడికి అది బయటికి వస్తుంది. గన్నేరు చెక్క విషం, ముట్టుకోవద్దు. పాత దర్వాజకు రంగు ఉంటే పొడిగా గీకకండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2016లో నిబంధన వచ్చింది. మన తాతల నాటి రంగులు దానికి ఎంతో ముందువి కాబట్టి వాటిలో సీసం ఉందనుకునే పని చేయాలి. నీళ్లు చల్లి తడిగా గీకండి, మాస్కు కట్టుకోండి, ఆ పొట్టును పిల్లలు ఆడే మట్టిలో పారబోయొద్దు. ఉత్త చెక్క దుమ్ము కూడా మంచిది కాదు, ఏళ్ల తరబడి పీల్చితే ముక్కు లోపల క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. అందుకే మాస్కు చివరి దాకా ఉండాల్సిందే. ఇంకా పాత చెక్కలో తల తెగిన మేకులు దాక్కుని ఉంటాయి, ఒక అయస్కాంతాన్ని అన్ని వైపులా జరిపి చూడండి, లేకపోతే రంపం పళ్లు పోతాయి.

మిగతా సామాను

అడుగు చదునుగా ఉన్న చిన్న ఇత్తడి గిన్నె ఒకటి, పైన 60 మిల్లీమీటర్ల వెడల్పు, 40 లోతు. అంచు బయటికి కొంచెం వంగి ఉంటే పట్టుకుని తీయడానికి వీలు. స్టీలు గిన్నె ఇంట్లో ఉంది కదా అనుకోవద్దు, ఇత్తడి స్టీలు కంటే ఆరేడు రెట్లు బాగా వేడిని పంచుతుంది, తక్కువ వేడితోనే పని అయిపోతుంది.

వేడికి 12 వోల్టుల పీటీసీ హీటర్, 80 డిగ్రీల రకం. అల్యూమినియం డబ్బీలా 35 మిల్లీమీటర్ల పొడవు, 21 వెడల్పు, 5 మందం ఉంటుంది. నేను హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నాను, ఆన్‌లైన్లో కూడా దొరుకుతుంది. ఇదే ఎందుకంటే, లోపల ఉండే ఒక రకం సిరామిక్ వేడెక్కిన కొద్దీ కరెంటును తనకు తానే అడ్డుకుంటుంది, 80 దగ్గరికి వచ్చేసరికి దాని దూకుడు తగ్గిపోతుంది. నీళ్లు ఆవిరైపోయి గిన్నె ఖాళీ అయినా ఎర్రగా కాలదు. ఇదే హీటరు 150, 220 డిగ్రీల రకాల్లో కూడా అమ్ముతారు, అడిగి, డబ్బీ మీద చూసి తీసుకోండి, ఒకేలా కనిపిస్తాయి.

అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లు, బీఐఎస్ ముద్ర ఉన్నది. చల్లగా ఉన్నప్పుడు హీటరు మొదట ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి 1 ఆంపియర్‌ది పెడితే అడాప్టరే వేడెక్కిపోతుంది. 230 వోల్టుల హీటరు మాత్రం ఎవరు ఎంత ధైర్యం చెప్పినా పెట్టకండి. ఇది పైన నీళ్లు, కింద వైర్లు ఉండే వస్తువు.

ఇవి కాక 3 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం రేకు ముక్క, రేకుకు కాళ్లలా నిలబెట్టే 40 మిల్లీమీటర్ల ఇత్తడి నిలువు స్పేసర్లు నాలుగు, వాటికి సరిపోయే 3 మిల్లీమీటర్ల స్క్రూలు, ఒక థర్మల్ ఫ్యూజు (వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసేది, 115 డిగ్రీల చుట్టుపక్కలది), 2 ఆంపియర్ల మామూలు ఫ్యూజు, వైరు మధ్యలో పెట్టే చిన్న స్విచ్, కంప్యూటర్ రిపేరు షాపులో దొరికే తెల్ల థర్మల్ పేస్టు, రబ్బరు బొడిపెలు. పనిముట్లు: రంపం, రంద, ఉలి, గుణియా (మూలమట్టం), డ్రిల్లు, 70 మిల్లీమీటర్ల హోల్ సా (డ్రిల్లుకు తగిలించి గుండ్రటి రంధ్రం కోసే రంపం). హోల్ సా ఒక్కటే అందరి దగ్గరా ఉండదు, మీ ఊరి వడ్లాయనను అడిగితే కాదనడు.

ముందు రంధ్రం, తర్వాతే కోత

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నాలుగు అంగుళాల ముక్క కోసుకుని, దాన్ని బిగించి రంధ్రం చేద్దామనుకుంటారు. చిన్న ముక్క చేతిలో తిరిగిపోతుంది, పైగా నార అడ్డంగా ఉండే రెండు వైపులా గోడ సన్నగా మిగులుతుంది కాబట్టి డ్రిల్లు ఊపుకు టప్పున చీలుతుంది. పొడుగు చెక్క పొడుగ్గా ఉండగానే రంధ్రం చేయండి, దాన్ని బల్లకు గట్టిగా బిగించడం కూడా తేలిక.

చెక్కను వెడల్పు వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టండి. చివర నుంచి ఓ రెండు అంగుళాలు వదిలేసి (చివరల్లో సన్నటి పగుళ్లు ఉంటాయి) నాలుగు అంగుళాల చదరం గీసుకుని, మూలల నుంచి రెండు గీతలు గీస్తే మధ్య తెలుస్తుంది. అక్కడ ముందు 6 మిల్లీమీటర్ల రంధ్రం ఆ వైపు దాకా పూర్తిగా తీయండి. డ్రిల్లు పక్కన గుణియా నిలబెట్టుకుని నిటారుగా ఉందో లేదో చూసుకుంటూ తీయాలి. మామూలు హోల్ సా లోతు దాదాపు 40 మిల్లీమీటర్లే ఉంటుంది, చెక్క మందం 75. కాబట్టి సగం పై నుంచి, సగం కింద నుంచి కోయాలి, ఆ 6 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటేనే రెండూ ఒకదానికొకటి కలుస్తాయి. మెల్లగా, మధ్యమధ్య ఆపి పొట్టు దులుపుతూ. పొగ వాసన వచ్చిందంటే మీరు తొందరపడుతున్నట్టే. లోపలి దిమ్మ ఊడకపోతే ఉలితో రెండు దెబ్బలు చాలు. రెండు కోతలు కలిసినచోట చిన్న మెట్టు మిగిలితే గరుకు కాగితాన్ని ఒక కర్రకు చుట్టి నున్నగా చేయండి.

ఇప్పుడు గీసుకున్న చదరం ప్రకారం ముక్క కోసేయండి. 100 గుణించు 100, ఎత్తు 75, మధ్యలో 70 రంధ్రం, పక్క గోడలు సన్నటిచోట 15 మిల్లీమీటర్లు. అదే చెక్క నుంచి 10 మిల్లీమీటర్ల మందం అడుగు పలక ఒకటి చీల్చి, రంద పట్టండి. పలక నార, పై ముక్క నార ఒకే దిక్కున ఉండాలి. చెక్క నార పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది, రెండింటినీ అడ్డదిడ్డంగా బిగిస్తే ఏదో ఒకటి పగిలి తీరుతుంది. అదే కారణంతో గుండ్రటి రంధ్రం కూడా ఏడాదిలో రెండుసార్లు కొంచెం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మా బావ ఇది చూసి తనకొకటి చేసుకున్నాడు, శ్రావణంలో గిన్నె బిగుతుగా పట్టేలా రంధ్రం చేశాడు, ఎంత చెప్పినా వినలేదు. ఏప్రిల్‌లో గిన్నె రాలేదు, గోడ పగిలింది. మన కొలతలో 60 గిన్నెకు 70 రంధ్రం, చుట్టూ 5 మిల్లీమీటర్ల సందు. ఆ సందు వేడికీ కావాలి, చెక్క కదలికకూ కావాలి.

లోపలి మెట్టు: గిన్నెను మోసే చిన్న బల్ల

అల్యూమినియం రేకును 44 మిల్లీమీటర్ల చదరంగా కోసి, నాలుగు మూలలూ ఆకురాయితో 3 మిల్లీమీటర్ల మేర కొట్టేయండి, లేకపోతే మూలలు చెక్కకు దగ్గరగా వస్తాయి. మధ్య నుంచి రెండు దిక్కులా 16 మిల్లీమీటర్ల దూరంలో నాలుగు మూలల వైపు నాలుగు రంధ్రాలు, వాటికి కింద నుంచి స్పేసర్లు. స్క్రూ తలలు రేకులోకి దిగిపోయేలా పెద్ద బిట్టుతో రంధ్రాల మూతి విప్పండి, పైన చేతితో తడిమితే ఏదీ తగలకూడదు. గిన్నె అడుగు రేకుకు పూర్తిగా అంటుకుంటేనే వేడి ఎక్కుతుంది.

హీటరు ఈ రేకు కింద, మధ్యలో. తెల్ల పేస్టు పలుచగా రాసి, సన్నటి అల్యూమినియం పట్టీని అడ్డంగా వేసి రెండు స్క్రూలతో బిగించండి. జిగురు పెట్టకండి, కొన్నాళ్లకు ఎండి ఊడుతుంది. థర్మల్ ఫ్యూజును కూడా ఆ పట్టీ కిందే హీటరును ఆనుకునేలా ఇరికించి, హీటరు వైరు ఒకదానికి వరుసలో కలపాలి. దాన్ని మాత్రం సోల్డర్ చేయకండి, సోల్డరింగ్ వేడికే లోపల కరిగి పోతుంది, మీరేమో హీటరు పాడైందనుకుంటారు. చిన్న స్లీవు వేసి ప్లయరుతో నొక్కి కలపండి. దాని లోహపు ఒళ్లు, కాళ్లు రేకుకు తగలకుండా వేడికి ఓర్చుకునే గాజు నార స్లీవు తొడగండి. ఇస్త్రీ పెట్టెలు బాగుచేసే షాపులో అడిగితే ఇస్తారు.

ఈ నాలుగు కాళ్ల బల్లను అడుగు పలక మీద మధ్యలో స్క్రూలతో బిగించండి. లెక్క చూడండి: 40 స్పేసరు, 3 రేకు, 40 గిన్నె, మొత్తం 83. చెక్క ఎత్తు 75 కాబట్టి గిన్నె అంచు 8 మిల్లీమీటర్లు పైకి వస్తుంది. గిన్నె ఎక్కడా చెక్కను తాకదు, రేకు తాకదు, హీటరుకూ అడుగు పలకకూ మధ్య మూడు సెంటీమీటర్ల పైన గాలి. అడుగు పలకకు 8 మిల్లీమీటర్ల గాలి రంధ్రాలు నాలుగు తీయండి, కింద రబ్బరు బొడిపెలు అంటించండి. కింద నుంచి చల్లగాలి వచ్చి గిన్నె చుట్టూ ఉన్న సందులోంచి పైకి పోతుంది, లోపల వేడి నిలవదు. పొరపాటున నీళ్లు ఒలికినా ఆ రంధ్రాల్లోంచే కిందకి పోతాయి.

వైరును వెనక గోడకు కింద తీసిన రంధ్రంలోంచి బయటికి తీసి, లోపల ఒక ముడి వేయండి, ఎవరైనా కాలు తగిలి లాగినా హీటరు మీద పడదు. ఫ్యూజు, స్విచ్ బయట వైరు మీదే ఉండనివ్వండి. అడుగు పలకను నాలుగు స్క్రూలతోనే బిగించండి, ఫెవికాల్ వద్దు, రేపు విప్పాల్సి వస్తుంది.

నునుపు, నూనె

80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 120, 220 దాకా, ఎప్పుడూ నార వెంబడే. చివర్లో తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి, లేచిన నూగును మళ్లీ 220తో తీయండి. మా దర్వాజ చెక్కకు ఒక పక్క పాత పసుపు బొట్ల మరక లోపలి దాకా దిగి ఉంది, దాన్ని నేను తీయలేదు.

వార్నిష్ వేయొద్దు. అవిసె నూనె చాలు, బయటి వైపు మాత్రమే. గుడ్డతో పలుచగా రాసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచేసి, ఒక రోజు ఆగి మళ్లీ, ఇలా మూడుసార్లు. లోపలి రంధ్రం నూనె తగలని ఉత్త చెక్కగానే ఉండాలి. పైన మెరుపు కావాలంటే తేనెమైనం రుద్దండి, నల్లమల చెంచులు తెచ్చే తేనెతో పాటు వచ్చే మైనం అయితే వాసనే వేరు. కానీ అది 62, 63 డిగ్రీలకే కరుగుతుంది, రంధ్రం అంచుకు దూరంగా రాయండి.

నూనె గుడ్డల గురించి దయచేసి ఇది మరిచిపోకండి. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గుడ్డను ఉండ చుట్టి మూలన పడేస్తే ఆ వేడి లోపలే పెరిగి దానంతట అదే అంటుకుంటుంది. మన ఎండల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పని అయిన వెంటనే నీళ్ల బకెట్లో వేయండి, లేదా ఆరుబయట విప్పి ఆరేయండి.

వాడే ముందు పరీక్ష

మొదటిసారి నీళ్లు లేకుండా, ఖాళీ గిన్నెతో రెండు గంటలు మీ కళ్ల ముందు నడవనివ్వండి. మల్టీమీటరుకు వేడి కొలిచే ప్రోబ్ ఉంటే లోపలి చెక్క గోడకు ఆనించి చూడండి, 50 డిగ్రీలు దాటకూడదు. లేకపోతే ఆపేసి గిన్నె తీసి గోడ మీద వేలు పెట్టండి, హాయిగా ఉంచగలగాలి. దాటితే ఎక్కడో సందు తగ్గిందని అర్థం, గిన్నె ఒక పక్కకు జరిగిందేమో చూడండి. చలికాలంలో చేసినవాళ్లు ఏప్రిల్‌లో మళ్లీ ఒకసారి ఈ పరీక్ష చేయాలి, గదే 40 డిగ్రీలు ఉన్నప్పుడు లెక్క మారుతుంది.

తర్వాత గిన్నెలో సగం నీళ్లు, మూడు నాలుగు చుక్కల నీలగిరి తైలం. నీళ్లు మరగవు, పొగలా కనబడదు, నా దాంట్లో నీళ్లు 55, 60 డిగ్రీల దగ్గరే ఆగుతాయి, కానీ పది నిమిషాల్లో వాసన గదంతా పరుచుకుంటుంది. తైలం మరగడానికి 170 పైన కావాలి గానీ గోరువెచ్చటి నీటి మీద పలుచగా పరుచుకున్నప్పుడు అది మెల్లగా ఎగిరిపోతూ ఉంటుంది, మనకు కావలసింది అంతే. నిమ్మగడ్డి నూనె కూడా బాగుంటుంది, పొలం గట్టు మీద జామాయిల్ చెట్లుంటే నాలుగు లేత ఆకులు నలిపి వేయండి. కర్పూరం వేస్తే అర బిళ్ల, అదీ నీళ్లలోనే. సాంబ్రాణి దీంట్లో పొగ రాదు, దానికి నిప్పే కావాలి. తైలం ఆవిరి, కర్పూరం ఆవిరి రెండూ మండేవే, కాబట్టి పక్కన దీపం, అగరుబత్తి ఉండకూడదు.

అరగంట చాలు, కిటికీ కొంచెం తెరిచి. రెండేళ్ల లోపు పిల్లలున్న గదిలో వద్దు, ఉబ్బసం ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి, పిల్లి ఉన్న ఇంట్లో కూడా వద్దు. తైలం సీసా, కర్పూరం పిల్లలకు అందనిచోట పెట్టండి, కొంచెం మింగినా ఫిట్స్ రావచ్చు. దగ్గు వారం దాటితే ఆస్పత్రికి వెళ్లండి, ఇది మందు కాదు.

మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే, వారానికల్లా గిన్నె అడుగున తెల్లగా సున్నం పేరుకుంటుంది, దాంతో వేడి ఎక్కడం తగ్గుతుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్లో, ఫిల్టరు నీళ్లో పోయండి. పేరుకుంటే చింతపండు రసంతో తోమండి, ఇత్తడికి అమ్మమ్మలు వాడిందే, గిన్నె తళతళలాడుతుంది. కడిగాక అడుగు బాగా తుడిచి ఆరనిచ్చి, అప్పుడు రేకు మీద పెట్టండి, పెట్టేటప్పుడు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో ఒకసారి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు ఆ పని అమ్మే చేస్తుంది. గిన్నె పెట్టి, చుట్టూ చిటికెన వేలి గోరు తిప్పి, ఎక్కడా ఆగకపోతేనే స్విచ్ వేస్తుంది.